‘ఫ్రాంటియర్’కు ‘పొలిమేర’ సరిపోతుందా?

అమెరికా పడమటి భూములలో రైలుమార్గాలు పడిన తీరును వివరించే ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ, ‘ఫ్రాంటియర్’ అన్న మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. నిఘంటువులు ‘సరిహద్దు’ అంటున్నాయి. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను సరిహద్దు గాంధీ అని పిలుచుకున్నవాళ్ళం కనుక ఆ మాట మనకు అలవాటే. వాయవ్య సరిహద్దు రాష్ట్రానికి అవతల మరొక దేశం ఉండేది కాబట్టి అక్కడ అది సరైనదే. అమెరికా వారి ఫ్రాంటియర్ రెండు రాజ్యాల నడుమ గీత కాదు. చదరపు మైలుకు ఇద్దరైనా లేని నేలను ఆవాసం లేనిదిగా లెక్కించి, ఆవాసాలు ఆగిన అంచును వారు అలా పిలిచారు. అటువంటి గీత ఇక మిగల్లేదని 1890 జనాభా లెక్కల అధికారులే తేల్చారు. ఏటేటా ముందుకు జరిగే ఆ అంచును సరిహద్దు అంటే చదువరికి సైనికుల కాపలా గుర్తుకు వస్తుంది.

నా మనసు ‘పొలిమేర’ వైపు మొగ్గుతోంది. బ్రౌన్ నిఘంటువు దీనిని పొలము, మేర అని విడదీసింది. సేద్యం ఎంతవరకు వస్తే అంతవరకే పొలిమేర.

అయితే మన ఊళ్ళలో పొలాలు ముందు వస్తాయి, బాట తరువాత పడుతుంది. అక్కడ రైలు బాటే ముందు పడింది. పట్టాలు వేసిన ప్రతి మైలుకూ రైలు కంపెనీకి పది గళ్ళ భూమి ఇస్తామని 1862 చట్టం చెప్పగా, 1864లో దానిని ఇరవైకి పెంచారు. చదరంగపు బల్ల మీద లాగా ఒక గడి కంపెనీది, పక్క గడి ప్రభుత్వానిది. ఒక్కొక్కటి మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. ఆ భూమి అమ్ముడుపోవాలన్నా, బండ్లకు సరుకు దొరకాలన్నా రైతులు రావాలి కనుక కంపెనీలే వారిని పిలిపించాయి. జర్మనుల పెట్టుబడి కోసం డకోటాలోని ఒక ఊరికి 1873లో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పేరు పెట్టారు. నేటి వయోమింగ్‌లోని షయెన్ ఊరికి 1867 వేసవిలోనే వీధులు కొలిచారు, పట్టాలు నవంబరులో చేరాయి. అంతకుముందు పట్టాల కొసన వెలసిన జూల్స్‌బర్గ్ జనం గుడారాలు, పలకల గోడలు ఊడదీసుకుని ఆ కొత్త ఊరికి తరలిపోయారు. ‘పట్టాల కొస’ అన్నది పనివారు వాడిన మాటకు నేను చేసుకున్న తెలుగు. దీనికంటే మంచిది ఉంటే చెప్పండి.

ఆ అంచుకు అవతలి నేలను ‘ఖాళీ భూములు’ అని అనువదించడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. షయెన్ అన్నది ఆ నేల మీద దున్నలను వేటాడి బ్రతికిన జాతి పేరు. 1867 ఆగస్టులో నెబ్రాస్కాలోని ప్లమ్ క్రీక్ దగ్గర ఆ జాతివారే ఒక సరుకు రైలును పట్టాలు తప్పించారు. నేల ఖాళీ అని రాస్తే ఆ సంఘటన చదువరికి అర్థమే కాదు. మన బంజరు కూడా దున్నని నేలే కాని, దాని మీద ఊరి పశువులు మేస్తాయి, ఊరి లెక్కలో అది ఉంటుంది. అందుకే ‘దున్నని నేల’ అని రాస్తున్నాను. పొలిమేర అన్నప్పుడు కూడా అవతల ఇంకొకరి పొలిమేర ఉందన్న ఎరుక మన పొలిమేర తగాదాల వల్ల ఆ మాటలోనే నిలిచి ఉంది. సరిహద్దు కంటే దీనిని ఎంచుకోవడానికి నాకు అదే ముఖ్య కారణం.

ఇక క్రియ ఒక్కటే తేలలేదు. పొలిమేర ‘జరిగింది’ అంటే తనంతట తాను కదిలినట్టు ఉంది. పట్టాలు పొలిమేరను ‘జరిపాయి’ అని రాస్తే మీ చెవికి తెలుగుగా వినిపిస్తుందా?