‘మోహరమున దా నెక్కిన బారని గుర్రము’ ఆ చిత్రానికి తగునా?

గౌరవనీయ సభ్యులకు నమస్కారం.

బ్రిటిష్ నౌకాధికారి స్కాట్ దక్షిణధ్రువ యాత్రకు బయలుదేరిన టెర్రా నోవా ఓడలో, ఆ యాత్ర ఛాయాచిత్రకారుడు హెర్బర్ట్ పాంటింగ్ తీసిన చిత్రాన్ని, పొట్టి గుర్రాల నడుమ వాటి బాధ్యత చూసిన కెప్టెన్ ఓట్స్ నిలుచున్న ఆ చిత్రాన్ని, ఒక సభ్యులు ఇక్కడ ఉంచి, దాని కింద సుమతి శతకంలోని పై మాటలను వ్యాఖ్యగా వేయవచ్చునా అని అడిగారు. వేయకూడదని నా అభిప్రాయం. కారణాలు చెప్పే ముందు పద్యాన్ని పూర్తిగా చూద్దాం.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము
గ్రక్కున విడువంగ వలయు గదరా సుమతీ!

ఇక్కడ ‘ఎక్కిన’ అన్నదాన్ని చాలామంది గుర్రానికి విశేషణంగా చదువుతున్నారు. అది ‘ఎక్కినన్’ అనే చేదర్థకం, అంటే ‘ఎక్కితే’ అని. చివరనున్న ద్రుతం, అంటే ‘న్’ అనే పొల్లు, వల్లనే ‘పారని’లోని పకారం బకారమైంది. ‘మ్రొక్కిన’ కూడా ఇదే తీరు: మొక్కితే వరమివ్వని వేల్పు. ఇక ‘పారు’ అంటే పరుగెత్తడం. నేడు ఆ క్రియను నీటికే ఎక్కువగా వాడుతున్నా, ‘పారిపోయాడు’ అన్నప్పుడు పాత అర్థమే పలుకుతుంది. కాబట్టి కవి చెప్పిన గుర్రం యుద్ధంలో యజమాని దాని వీపు మీదికి ఎక్కిన తర్వాత, పరుగెత్తవలసిన సమయంలో, పరుగెత్తకుండా నిలిచిపోయేది. చుట్టమైనా, వేల్పైనా, గుర్రమైనా, చేయవలసింది చేయనందుకే విడిచిపెట్టదగినవయ్యాయి. తప్పు వాటిది.

చిత్రంలోని గుర్రాలు ఎక్కి స్వారీ చేయడానికి తెచ్చినవి కావు. అవి స్లెడ్జి బండ్లు లాగాయి. మనుషులు పగ్గం పట్టుకొని పక్కన నడిచారు. ఇంత మాత్రానికే పద్యాన్ని కాదనడం పట్టుదలగా తోచవచ్చు. సామెతగా వాడుకున్నప్పుడు అక్షరార్థం చూడనక్కరలేదని అనేవారూ ఉంటారు. సరే, సామెతగానే తీసుకొని, నిజంగా తప్పు వాటిదేనా అని చూద్దాం.

మంచూరియాలో వాటిని కొన్నది కుక్కల విషయంలో నేర్పరి అయిన సెసిల్ మియర్స్. గుర్రాలు తెలిసిన ఓట్స్‌కు ఆ కొనుగోలులో పాత్ర లేదు. అంతకుముందు అదే ధ్రువం కోసం వెళ్ళిన షాకిల్టన్ యాత్రలో ముదురు రంగు గుర్రాలు ముందుగా చనిపోయాయని, తెల్లనివే కావాలని స్కాట్ కోరాడు. అలా ఎంపిక ఇరుకైపోయి వచ్చిన 19 గుర్రాలను చూసి ఓట్స్ నిరాశపడ్డాడు. ఇరుకు ఛాతీ, లోపలికి వంగిన మోకాళ్ళు, పైబడిన వయసు అంటూ ఒక్కొక్కదాని లోపాలను రాసిపెట్టుకున్నాడు. ఓడ ముందుభాగం కింద 15 గుర్రాలను ఒకవైపు ఏడు, మరోవైపు ఎనిమిది చొప్పున, తలలు ఎదురెదురుగా ఉండేలా కట్టారు. మధ్యనున్న సన్నని దారిలో వాటిని సాకే మనిషి నిలబడాలి. మిగిలిన నాలుగూ పైన డెక్ మీదనే. పడుకునే చోటు లేక వారాల తరబడి అవి నిలబడే ప్రయాణించాయి. 1910 డిసెంబరు తొలి రోజుల తుపానులో, పడిపోయిన వాటిని పైకి లేపుతూ ఓట్స్ రాత్రంతా వాటి దగ్గరే ఉన్నాడు. అయినా రెండు చనిపోయాయి. చిత్రంలో అతని నిలకడను చూసేవారు ఈ సంగతి కూడా తెలుసుకొని చూడాలి.

అంటార్కిటికాలో దిగిన తర్వాత అవి లాగలేకపోయాయంటే అది మొండితనం కాదు. గుర్రానికి ఒళ్ళంతా చెమట పడుతుంది, అది ఆ చలిలో గడ్డకడుతుంది. చిన్న గిట్టలు మెత్తని మంచులో లోతుగా దిగబడతాయి. మేత మొత్తాన్ని వెంట మోయాలి. మజిలీ చేసిన ప్రతిచోటా గాలికి అడ్డుగా మనుషులు మంచుగోడలు కట్టవలసి వచ్చింది. ఓట్స్ నడిపించిన క్రిస్టఫర్ అనే గుర్రం బండికి కట్టనిచ్చేది కాదు, నలుగురు కలిసి కిందపడేసి కట్టేవారు. కానీ కదిలిందంటే మళ్ళీ కట్టడం కష్టమని మధ్యలో ఆపకుండా ఆ రోజు నడక అంతా దానితో సాగించేవారు. దాన్ని ‘పారని గుర్రము’ అనడానికి నాకు నోరు రాదు.

పద్యంలో ఈ కథకు నిజంగా తగిలే మాట ఒకటుంది. అది ‘గ్రక్కున’, అంటే వెంటనే. 1911 ఫిబ్రవరిలో ఆహార నిల్వలు ఉంచడానికి వెళ్ళినప్పుడు, నీరసించిన గుర్రాలను చంపుకుంటూ అయినా మరింత దక్షిణానికి వెళ్దామని ఓట్స్ అన్నాడు. వాటిని ఇంకా బాధపెట్టడానికి మనసొప్పక స్కాట్ నిరాకరించాడు. 80 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర పెట్టదలచిన వన్ టన్ డిపో అనే ఆహార నిల్వ 79 డిగ్రీల 29 నిమిషాల దగ్గరే ఆగిపోయింది. ఆ ప్రయాణంలోని 8 గుర్రాల్లో చివరికి బతికినవి రెండే. మరుసటి ఏడాది మార్చిలో, ధ్రువం నుంచి తిరిగివస్తూ, స్కాట్, అతని సహచరులు విల్సన్, బవర్స్ మొదట అనుకున్న ఆ 80 డిగ్రీల చోటు దాటి వచ్చి, ఆ డిపోకు 11 సముద్ర మైళ్ళ దూరంలో, తమ గుడారంలోనే మరణించారు. ఓట్స్ అంతకుముందే మంచు తుపానులోకి నడిచి వెళ్ళిపోయాడు. ఇక్కడ ‘గ్రక్కున విడువ’మన్నవాడు గుర్రాలను అందరికంటే ఎక్కువగా కనిపెట్టుకొని ఉన్నవాడే. కాబట్టి ఆ చివరి పాదాన్ని కూడా నిందగా ఇక్కడికి తేలేము.

మరొక సంగతి. 1911 నవంబరు 1న ధ్రువం వైపు బయలుదేరిన 10 గుర్రాలకూ తిరుగుప్రయాణం ముందునుంచే లేదు. బియర్డ్‌మోర్ హిమానీనదం మొదలు దాకా లాగించి, ఒక్కొక్కటిగా చంపి, ఆ మాంసాన్ని కుక్కలకూ మనుషులకూ వాడాలన్నదే ఏర్పాటు. చివరి ఐదింటిని డిసెంబరు 9న కాల్చారు. అవి తమకు అప్పగించిన దూరం నడిచాయి. పద్యంలోని గుర్రం పరుగెత్తనందుకు విడువబడింది. ఇవి నడిచి కూడా మిగలలేదు.

చర్చలో తర్వాత ఎవరో జతచేసిన రెండో చిత్రంలోనివి గుర్రాలు కావు, కంచరగాడిదలు. భారత ప్రభుత్వం పంపగా 1912లో అంటార్కిటికా చేరిన ఏడింటిలో గులాబ్, బేగం, రాణీ, లాల్ ఖాన్ వంటి మన చెవికి తెలిసిన పేర్లే ఉన్నాయి. 1912 నవంబరు 12న స్కాట్ గుడారాన్ని కనుగొన్న బృందం వెంట ఇవి నడిచాయి. రెండు చిత్రాలకూ ఒకే వ్యాఖ్య పెట్టవద్దని మనవి.

మొదటి చిత్రం కింద పద్యపాదం బదులు ఇలా ఉంచమని నా సూచన: ‘టెర్రా నోవా ఓడలో పొట్టి గుర్రాలతో కెప్టెన్ ఓట్స్, 1910. ఛాయాచిత్రం: హెర్బర్ట్ పాంటింగ్.’ ‘గుర్రప్పిల్లలు’ అని మాత్రం దయచేసి రాయవద్దు. వాటిలో చాలావాటికి అప్పటికే వయసు మీరింది.