పాపకు ఎల్సా, అన్నా అసొంటి పేరు మన దిక్కు నడుస్తదా?

హన్మకొండ. పాపకు స్కాండినేవియా (స్వీడన్, నార్వే దిక్కు) పేరు, సినిమా పాత్ర యాదికొచ్చేటట్టు ఉండాలె. ఎల్సా, అన్నా, ఆస్ట్రిడ్, ఫ్రెయా అనుకుంటున్నం. ఏది నయం?

జవాబు: అన్నా వద్దక్కా. 'ఫ్రోజెన్' (2013)ల చెల్లె పేరే గానీ, "అన్నా, ఇటు రా" అంటె గల్లీల సగం మంది తిరిగి చూస్తరు. ఎల్సా పలుకుడు అల్కనే. కాకపోతే అది ఎలిసబెత్‌కు పొట్టి రూపం, మూలం హీబ్రూ.

జవాబు: అచ్చమైన నార్స్ (స్కాండినేవియా పాత భాష) పేరు కావాల్నంటె ఆస్ట్రిడ్. దేవుడు, అందం అనే రెండు మాటలు కలిసినయి. 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' (2010)ల గొడ్డలి పట్టిన పిల్ల. తిప్పలేందంటె స, ట, ర మూడు ఒక్కతాన పడ్డయి. నాయనమ్మ నోట్ల "ఆస్టరిడ్" అయితది. ఫ్రెయా అంటె దొరసాని, దేవత పేరు. అది "ప్రేయ" అయినా చెడదు, నా ఓటు దీనికే. వాకిట్ల నిలబడి పదిసార్లు గట్టిగ పిలిచి చూడుండ్రి.

జవాబు: ఫ్రెయాకు ఇంగ్లీషు స్పెల్లింగులు రెండు: ఒట్టి 'వై'తోని ఒకటి, 'వై, జె' రెండు పెట్టి ఒకటి. మొదటిదే పెట్టుండ్రి, జనన పత్రం, ఆధార్, పాస్‌పోర్టుల ఒక్క అక్షరం తేడా వస్తె మల్ల తిరుగుడే. తొందరేం లేదు. పుట్టుక 21 రోజులల్ల పేరు లేకుండనే నమోదు చేయించి, 12 నెలలల్ల ఫీజు లేకుండ పేరు ఎక్కియ్యొచ్చు. అటెన్క 15 ఏండ్ల దాక లేటు ఫీజు కట్టాలె.