ఆషాఢంలో ఒంటిని తేలికపరిచే ఇంటి తిండి ఏది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. నేను ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగిని. రోజులో ఎనిమిది గంటలు కుర్చీలోనే గడుస్తాయి. వేసవిలో పెళ్ళిభోజనాలూ మామిడిపళ్ళూ ముగిసి ఆషాఢం వచ్చేసరికి ప్రతి యేడూ కడుపు బరువుగా ఉండటం, విరేచనం సాఫీగా కాకపోవడం, మధ్యాహ్నం కళ్ళు మూతలు పడటం నాకు అలవాటైపోయింది. ఈసారి తెలిసినవారొకరు "శరీర శుద్ధి" పొడి పొట్లాలు తెచ్చారు. వారం రోజులు అన్నం మానేసి, ఆ పొడి కలిపిన పళ్ళరసాలు మాత్రమే తాగాలట, ఖర్చు రెండు వేల రూపాయల పైమాటే. మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు, మధుమేహానికి మాత్రలు వేసుకుంటారు. నాతోపాటు తానూ చేస్తానంటున్నారు. అయితే తమ పుట్టిల్లు పాతపట్నం దగ్గరి పల్లెలో ఈ రోజుల్లో చోడి (రాగి) అంబలి, మునగాకు తప్ప వేరే మందు ఎరగమని కూడా ఆవిడే చెబుతున్నారు. మన ప్రాంతంలో దొరికే మామూలు తిండితోనే ఈ పని అవుతుందా, అయితే ఎలా వండుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

నాగావళి ఒడ్డు (రాయగడ):

అమ్మా, మీ అత్తగారి మాటే పట్టుకోండి. పళ్ళను పిండి రసం తీసినప్పుడు పీచంతా పిప్పిలో పోతుంది, మీ ఇబ్బందికి కావలసింది ఆ పీచే. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది, పాలిషు పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. కాల్షియం సంగతి చూస్తే తేడా ఇంకా పెద్దది. చోళ్ళలో వంద గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటే, బియ్యంలో పది కూడా ఉండదు.

మా సంతకు కొండ మీది ఊళ్ళ నుంచి దిగే ఆడవాళ్ళు మండియా పేరుతో అమ్మేవి మన చోళ్ళే. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఏడు జిల్లాల్లో మీ గజపతి, మా రాయగడ, పక్కనున్న కొరాపుట్ కూడా ఉన్నాయి కాబట్టి మంచి గింజ కోసం మనం దూరం పోనక్కరలేదు. పిండి పొట్లం కొనకుండా గింజలే కొనండి. చోళ్ళు ఏళ్ళ తరబడి నిలవ ఉంటాయి, పిండికి మాత్రం ఆ గుణం లేదు. రాళ్ళు ఏరి, రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, వాన తెరిపి ఇచ్చినప్పుడు బాగా ఎండనిచ్చి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే మర పట్టించుకోండి.

ఇక అంబలి. నలుగురికైతే రాత్రి ఒక గ్లాసు చోడిపిండిని రెండు గ్లాసుల నీళ్ళలో జారుగా కలిపి మట్టికుండలో పోసి మూత పెట్టండి. తెల్లవారేసరికి పైన సన్నని నురగ కట్టి, తరవాణి కుండ మూత తీసినప్పటి పుల్లని వాసన వస్తుంది. ఇలా పులియడం వల్ల గింజలోని ఇనుము, కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటిక్ ఆమ్లం కొంత తగ్గుతుంది. కాబట్టి ఆ రాత్రి నానడాన్ని వృథా అనుకోకండి. పొద్దున్న నాలుగు గ్లాసుల నీళ్ళు మరిగించి అర గ్లాసు బియ్యపు నూక వేసి, అది మెత్తబడ్డాక పులిసిన పిండిని సన్నని ధారగా పోస్తూ, ఉండ కట్టకుండా రెండో చేత్తో తెడ్డు తిప్పుతూ ఉండాలి. మొదట లేత మట్టిరంగులో ఉన్నది క్రమంగా ముదిరి మెరుపు తేలుతుంది, పెద్ద పెద్ద బుడగలు లేచి చిట్లుతాయి, తెడ్డుకు అంటినది పచ్చివాసన రాదు. అప్పుడు దించి చల్లార్చి, మజ్జిగ, కాస్త ఉప్పు కలిపి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాలి. నంజుకోవడానికి ఊరమిరపకాయలు మరీ ఎక్కువ పెట్టుకుంటే ఉప్పు మితిమీరుతుంది, ఇది మా ఇంట్లో నేను రోజూ పోరి ఆపుతున్న అలవాటు.

పదవీ విరమణ చేసిన నర్సు (జయపురం):

పై వారు అంబలి గురించి రాసినదంతా నాకు సమ్మతమే కానీ, మీ అత్తగారి విషయంలో ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు భోజనం మాని ఉపవాసం ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మా వీధిలో ఒక పెద్దావిడ ఇటువంటి శుద్ధి పథకమే పట్టి, మాత్ర మాత్రం మానకుండా మూడో రోజు తెల్లవారుజామున చెమటలు పట్టి, వణుకుతూ, పిలిస్తే పొంతన లేని జవాబులు చెబుతున్న స్థితిలో ఉండగా వారి అబ్బాయి నన్ను పిలిచాడు. మింగగలిగే తెలివి ఇంకా ఉంది కాబట్టి పంచదార నీళ్ళు పట్టించి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఆ రోజు ఆవిడ ఒంటరిగా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. దయచేసి మీ అత్తగారిని ఆ పొడికి దూరంగా ఉంచండి.

చోళ్ళు తింటే మధుమేహం తగ్గిపోతుందన్న ప్రచారాన్నీ నమ్మవద్దు. మెత్తగా విసిరిన పిండితో కాచిన పలుచని జావ త్వరగా అరిగి చక్కెరను త్వరగానే పెంచుతుంది. ఆవిడకు అంబలి గ్లాసు నిండా కాక సగం ఇచ్చి, దానితో పెసరపప్పు వేసిన కూరో, ఉడికించిన సెనగలో పెట్టి, రెండు గంటల తర్వాత చక్కెర చూసుకుంటే ఎంత సరిపోతుందో మీకే తెలుస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారైతే మునగాకులో పొటాషియం ఎక్కువ కాబట్టి వైద్యుణ్ణి అడగకుండా రోజూ తినకూడదు.

ఒంట్లోని వ్యర్థాలను బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్ళు చేస్తూనే ఉంటాయి, పొడి వేసి వాటిని కడగనక్కరలేదు. వాటికి నీళ్ళు, నిద్ర, కూరగాయలు కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు తినాలి. మన ఇళ్ళలో అన్నం గుట్టగా, కూర గరిటెడుగా వడ్డించుకుంటున్నాం కదా, ముందు ఆ లెక్క సరిచేయండి.

ఉసిరి నీడ (బరంపురం):

మునగాకు గురించి ఎవరూ వివరించలేదు కాబట్టి రాస్తున్నాను. ఆషాఢంలో మునగాకు తినాలని మన పెద్దలు పెట్టిన నియమాన్ని మా అమ్మ ఇప్పటికీ తప్పరు. లేత రెబ్బలు దూసి, కాడలు ఒక్కటీ మిగలకుండా ఏరాలి, కాడ ఉంటే గొంతులో గుచ్చుకుంటుంది. వానాకాలపు ఆకు కాబట్టి ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి, రెండు సార్లు కడగాలి. నానబెట్టిన పెసరపప్పు సగం ఉడికాక ఆకు వేసి, మూత పెట్టకుండా మగ్గించి, ఎండుమిరప, వెల్లుల్లి పోపు పెట్టి, చివర దించాక కొంచెం ఆవ కలిపితే చేదు తెలియదు. నూనె రెండు చెంచాలు చాలు.

ఇక్కడి ఒడియా ఇరుగుపొరుగులు కార్తీకంలో హవిష్యం పాటిస్తారు. రోజుకు ఒక పూట పచ్చిబియ్యపు అన్నం, పసుపు వేయని పెసరపప్పులో చామదుంప, అరటికాయ వేసి ఉడికించిన దాల్మా, పైన నెయ్యి. మేము ఆ నెలలో నక్తాలు ఉంటాం, అంటే పగలు ఉపవాసం ఉండి రాత్రి భోజనం చేస్తాం. రెండింటిలోనూ తగ్గించుకోవడం ఉంది కానీ తిండి పూర్తిగా మానడం లేదు. ఆ దాల్మా తిన్న రోజు కడుపు ఎంత నెమ్మదిగా ఉంటుందో నాకు అనుభవం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పొడి పొట్లాలు వద్దని చెప్పేశాను. పన్నెండు రోజులుగా పొద్దున్న అంబలి, మధ్యాహ్నం అన్నం తగ్గించి రెండు కూరలు, వారంలో మూడు రోజులు మునగాకు పప్పు తింటున్నాం. నాకు నాలుగో రోజు నుంచే విరేచనం సాఫీగా అవుతోంది. మధ్యాహ్నపు మత్తు పూర్తిగా పోలేదు, దానికి కూర్చునే ఉద్యోగం కూడా కారణమని ఇప్పుడు తోస్తోంది. అత్తగారికి సగం గ్లాసు అంబలి, సెనగలు పెట్టి రెండు గంటలకు చూస్తే చక్కెర మునుపటి ఇడ్లీ రోజులకంటే కొంచెం తక్కువే ఉంది. గ్లాసు నిండా తాగిన రోజు పెరిగింది కూడా, జయపురం అక్కగారు చెప్పినట్టే. ఒకటే సందేహం మిగిలింది. ఈ ముసురుకు కుండలో పిండి సరిగా పులియడం లేదు, నురగ కట్టడం లేదు. ముందునాటి అంబలి ఒక గరిటె కలిపి ఉంచవచ్చా?

నాగావళి ఒడ్డు (రాయగడ):

కలపవచ్చు. అయితే మజ్జిగ, ఉప్పు వేయకముందే ఒక గరిటె తీసి పెట్టుకుని, అది పూర్తిగా చల్లారాకే పిండిలో కలపండి. కుండను పొయ్యి పక్కన వెచ్చగా ఉంచండి. పుల్లని వాసనకు బదులు ముక్కిన వాసన వచ్చినా, పైన రంగు బూజు కనిపించినా ఆలోచించకుండా పారబోసి, కుండను మరిగే నీళ్ళతో కడిగి ఎండబెట్టి మళ్ళీ మొదలుపెట్టండి.