ఆటోపైలట్ ‘ఆర్మ్’ అయింది అనడానికి తెలుగులో ఏమందాం?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఫ్లైట్ సిమ్యులేటర్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం తెలుగులో ఒక చిన్న గైడ్ రాస్తున్నాను. ఇంజిన్ స్టార్ట్, ట్యాక్సీ, టేకాఫ్ వరకు రాత సాఫీగానే సాగింది. ఆటోపైలట్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట ‘ఆర్మ్’.

ఈ గోల తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. విమానం దిగేటప్పుడు రన్‌వే దగ్గరి నుంచి రెండు రేడియో సంకేతాలు వస్తాయి. లోకలైజర్ రన్‌వే మధ్యగీతకు సూటిగా దారి చూపిస్తుంది. గ్లైడ్ స్లోప్ సుమారు 3 డిగ్రీల వాలులో కిందికి దింపుతుంది. అప్రోచ్ బటన్ నొక్కగానే ఆటోపైలట్ వాటి వెంట పడిపోదు, ఎందుకంటే విమానం ఇంకా ఎక్కడో పక్కన ఉంటుంది. అప్పటిదాకా పోతున్న దిక్కులోనే పోతూ, సంకేతం ఎప్పుడు తగులుతుందా అని చూస్తూ ఉంటుంది. అలా చూస్తూ ఉండటమే ‘ఆర్మ్’. తగలగానే అటు తిరగడం మొదలుపెడితే అది ‘క్యాప్చర్’.

అనువాద యంత్రాన్ని అడిగితే ‘సాయుధం’ అంది. ‘సాయుధ లోకలైజర్’ అని రాస్తే చదివేవాడు కాక్‌పిట్‌లోంచి దూకేస్తాడు. పోనీ ‘సిద్ధం’ అందామంటే, నొక్కని మోడ్ కూడా ఒక రకంగా సిద్ధంగా ఉన్నట్టే కదా! నొక్కిందానికీ నొక్కనిదానికీ తేడా అందులో తెలియడం లేదు.

ఈ తేడా మీద నాకింత పట్టింపు ఎందుకంటే, ఒకసారి దెబ్బ తిన్నాను. డబ్బు పెట్టి కొన్న ఒక యాడ్-ఆన్ విమానం (సిమ్యులేటర్‌లో విడిగా చేర్చుకునేది) ఉంది, పేరు వద్దులెండి. చూడటానికి రెండు కళ్లూ చాలవు, సీటు మీద కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ అప్రోచ్ నొక్కితే లోకలైజర్ ఎంత దూరంలో ఉన్నా సరే, ఆ క్షణమే పచ్చ అక్షరాలు వెలిగించి ముక్కు అటు తిప్పేస్తుంది. మధ్యలో ఆగి చూడటమన్నదే లేదు. ఆర్నెల్లు దానికి అలవాటు పడ్డాక, సరిగ్గా తయారుచేసిన బోయింగ్ 737 ఒకటి తీసుకున్నాను. అప్రోచ్ నొక్కితే తిరగలేదు. బటన్ పనిచేయలేదేమో అనుకుని టెన్షన్‌లో మళ్లీ నొక్కాను. రెండోసారి నొక్కితే ఆర్మ్ అయింది కాస్తా పోతుంది! రన్‌వే వరసను దాటుకుని దర్జాగా అవతలికి వెళ్లిపోయాను.

ఒక వ్యాఖ్య

ఇందులో వెతకాల్సిందేముంది, ‘మాటు వేయడం’ ఉందిగా! పిల్లి కలుగు ముందు కూర్చుంటుంది. కదలదు, అలాగని నిద్రా పోదు. ఎలుక రాగానే దూకుతుంది. ‘ఆటోపైలట్ లోకలైజర్ కోసం మాటు వేసింది’ అంటే చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. కొంగ జపం అన్నా నాకు అభ్యంతరం లేదు.

దానికి బదులు

‘మాటు’ బాగుందండీ, కానీ అందులో దాపరికం ఉంది. చాటున ఉంటేనే మాటు అంటాం. ఆటోపైలట్ ఏదీ దాచుకోదు, పైగా చాటింపు వేస్తుంది. పైలట్ ఎదుట ఉండే ప్రధాన తెర పైభాగంలో ఒక వరస ఉంటుంది, ఫ్లైట్ మోడ్ అనన్సియేటర్ అంటారు. ఎయిర్‌బస్‌లో ఆర్మ్ అయిన మోడ్ అక్కడ నీలం అక్షరాల్లో ఉంటుంది, పని మొదలుపెట్టగానే పచ్చగా మారుతుంది. 737లో అయితే ఆర్మ్ అయినది చిన్న తెల్ల అక్షరాల్లో, నడుస్తున్నది పెద్ద పచ్చ అక్షరాల్లో కనిపిస్తాయి. మోడ్ మారిన ప్రతిసారీ దాని చుట్టూ 10 సెకన్లపాటు ఒక గడి కూడా గీస్తుంది. ఇంత బాహాటంగా చేసే పనిని మాటు అనడం నాకు మింగుడుపడటం లేదు.

నా ఓటు ‘కాచుకోవడం’కి. కాచుకుని ఉండటంలో ఎదురుచూపూ ఉంది, మెలకువా ఉంది, దొంగతనం లేదు. ‘క్యాప్చర్’కు ‘పట్టుకోవడం’ కన్నా ‘అందుకోవడం’ నయం. చేయి చాచి అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఆటోపైలట్‌కూ పడుతుంది. ఎయిర్‌బస్ వాళ్లు దీన్ని ఒక నక్షత్రం గుర్తుతో చెబుతారు. ఆల్ట్ (ఆల్టిట్యూడ్, అంటే ఎత్తు) నీలంగా ఉంటే ఆ ఎత్తు కోసం కాచుకుంది. ఆల్ట్ పక్కన నక్షత్రం పడి పచ్చబడితే అందుకుంటోంది. నక్షత్రం పోయి ఆల్ట్ ఒక్కటే మిగిలితే ఆ ఎత్తులో నిలుపుతోంది. కాచుకుంది, అందుకుంటోంది, నిలుపుతోంది. ఆ మూడు దశలనూ తెలుగు క్రియలు ఎంత తేలిగ్గా మోస్తున్నాయో చూడండి.

ప్రశ్న వేసినవారు

మాస్టారూ, ఆ మూడు క్రియలనూ గైడ్‌లోకి ఎత్తేస్తున్నాను, అనుమతి ఇచ్చేశారనే అనుకుంటాను.

మీరు చెప్పిన నడిమి దశే యాడ్-ఆన్ విమానాలకు అసలు పరీక్ష. సిమ్యులేటర్‌తో పాటు వచ్చే ఆటోపైలట్‌ది మోటు తెలివి. దిక్కు పట్టుకో, ఎత్తు పట్టుకో, దారి పట్టుకో. అంతకుమించి లోతు ఉండదు. శ్రద్ధ ఉన్న తయారీదారులు దాన్ని పక్కనపెట్టి సొంత లెక్కలు రాసుకుంటారు. 2020లో మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌తో పాటు వచ్చిన ఎయిర్‌బస్ ఏ320నియోను తీసుకుని ఔత్సాహికులు మొదలుపెట్టిన ఫ్లైబైవైర్ ప్రాజెక్టు అలాంటిదే. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, విమానం ఉచితం.

నేను చేసే పరీక్ష చెబుతాను. ఎయిర్‌బస్‌లో ఎక్కుతూ ఉండగా నక్షత్రం పడే దాకా ఆగండి. సరిగ్గా అప్పుడు నాబ్ తిప్పి ఎత్తు మార్చండి. నిజం విమానమైతే ‘అందుకోవడం’ మానేసి, ఆ క్షణంలో ఎంత వేగంతో ఎక్కుతోందో అదే వేగాన్ని పట్టుకుని వర్టికల్ స్పీడ్ మోడ్‌లోకి పోతుంది. గమనించకపోతే చిక్కే. యాడ్-ఆన్ కూడా అలాగే చేసిందా, తయారుచేసినవాళ్లు మాన్యువల్ చదివారని అర్థం. ఏమీ జరగనట్టు కొత్త ఎత్తుకు బుద్ధిగా పోయిందా, సీటు కుట్లు లెక్కపెట్టుకోండి.

మరో వ్యాఖ్య

నన్ను తిట్టుకోకండి, అసలు ఇదంతా ఎందుకు? బటన్ మీద ఇంగ్లీషే ఉంది, తెర మీదా ఇంగ్లీషే ఉంది. ‘ఆర్మ్ అయింది’ అంటే అందరికీ తెలుస్తుంది. ‘కాచుకుంది’ అని నేర్చుకున్నవాడు కాక్‌పిట్‌లో ఆ మాట ఎక్కడుందో వెతుక్కోవాలి.

దానికి ఒక సభ్యురాలి బదులు

బటన్ పేరు మార్చమని ఎవరూ అనలేదండీ. పేరు పేరులాగే ఉండనివ్వండి, అది చేసే పని తెలుగులో చెబుదాం అంటున్నాం. ఇంగ్లీషు పేరు తెలిసినంత మాత్రాన పని తెలిసినట్టు కాదు. ‘హోల్డ్’నే తీసుకోండి. ఆల్టిట్యూడ్ హోల్డ్ అంటే ఎత్తును జారనివ్వకుండా నిలుపుతుంది. బోయింగ్ 777లో ఆటోథ్రాటిల్‌కు, అంటే ఇంజిన్ల శక్తిని దానంతటదే సర్దే వ్యవస్థకు కూడా హోల్డ్ అనే మోడ్ ఉంది. అది వేగాన్ని నిలపదు! థ్రాటిల్ లివర్ల మీద నుంచి చేయి తీసేసి కూర్చుంటుంది, మీరు ఎక్కడ పెడితే లివర్లు అక్కడే ఉంటాయి.

2013 జులై 6న శాన్ ఫ్రాన్సిస్కోలో దిగుతూ కూలిన ఏషియానా ఎయిర్‌లైన్స్ 777 కథలో ఇది ఉంది. పైలట్ లివర్లను వెనక్కి లాగాడు, ఆటోథ్రాటిల్ హోల్డ్‌లోకి పోయింది. వేగాన్ని అదే చూసుకుంటుందనే నమ్మకంలో సిబ్బంది ఉండగా వేగం పడిపోతూనే ఉంది. ముగ్గురు చనిపోయారు. దర్యాప్తు నివేదిక సిబ్బంది పొరపాట్లను ప్రధానంగా చెబుతూనే, ఆ వ్యవస్థల సంక్లిష్టతనూ దోహదపడిన కారణాల్లో చేర్చింది. తెలుగులో మొదటిదానికి ‘నిలుపుతోంది’ అని, రెండోదానికి ‘చేయి తీసింది’ అని రాయండి. ఒకే మాట రెండు పనులకు వాడే తికమక పోతుంది. మంచి 777 యాడ్-ఆన్ అయితే ఈ రెండో హోల్డ్‌ను కూడా ఉన్నదున్నట్టు చూపించాలి. అక్కడ అది తియ్యగా వేగం కాపాడేస్తే నేర్చుకునేవాడికి అపకారమే.

వ్యాకరణం మీద ఇష్టం ఉన్న ఒకరు

చర్చ ఆర్మ్ దగ్గరే ఉంది గానీ, ఆటోపైలట్‌ను ‘స్వయంచాలకం’ అనడం మీద నాకు పాత కోపం ఒకటి ఉంది. స్వయంచాలకం అంటే తనంతట తాను నడిచేది. ఆటోపైలట్ తనంతట తాను ఏమీ చేయదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, తప్పు చెబితే తప్పే చేస్తుంది. 1914లో పారిస్ దగ్గర అమెరికన్ పైలట్ లారెన్స్ స్పెర్రీ తన ఆటోపైలట్‌ను ప్రదర్శిస్తూ కాక్‌పిట్‌లో రెండు చేతులూ పైకెత్తి చూపించినప్పుడు విమానాన్ని నిలకడగా ఉంచింది గైరోస్కోపులు, అంటే గిర్రున తిరిగే చక్రాలు. వాటికి స్వయం అనేదేదీ లేదు. తర్వాతి రోజుల్లో బ్రిటిష్ పైలట్లు ఆటోపైలట్‌కు జార్జ్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. పనివాణ్ని పిలిచినట్టుంది, అదే సరైన చూపు అనిపిస్తుంది నాకు.

తెలుగులో నడుచు, నడుపు, నడిపించు అని ఒకే ధాతువుకు మూడు మెట్లు ఉన్నాయి. విమానం నడుస్తుంది. ఆటోపైలట్ విమానాన్ని నడుపుతుంది. మరి మూడోది? ఫ్లైట్ డైరెక్టర్! అది విమానాన్ని ముట్టుకోదు. తెర మీద గీతలు చూపించి, ముక్కు ఇంత ఎత్తు, ఇటు వాల్చు అని మనకు చెబుతుంది. నడిపేది మన చేయి, నడిపించేది అది. కొత్తవాళ్లు ఈ రెండింటినీ కలిపేసుకుని, ఫ్లైట్ డైరెక్టర్ ఆన్ చేసి చేతులు వదిలేస్తారు. ‘నడిపించేదే గాని నడిపేది కాదు’ అని ఒక్క వాక్యం రాయండి, సరిపోతుంది.

ప్రశ్న వేసినవారు

ఈ వాక్యం కోసమే ఇక్కడికి వచ్చినట్టుంది.

ఇదే ఊపులో ఇంకోటి. ఎయిర్‌బస్‌లో నాబ్‌ను లోపలికి నొక్కితే ‘మేనేజ్డ్’, బయటికి లాగితే ‘సెలెక్టెడ్’. ‘నిర్వహిత’ అని ఒక చోట రాసి, సిగ్గుపడి కొట్టేశాను. నొక్కడమంటే బాధ్యతను విమానం వైపు నెట్టడం, లాగడమంటే మన వైపు తెచ్చుకోవడం. అందుకని ‘అప్పగించడం’, ‘తీసుకోవడం’ అని పెట్టాను. వేగం అప్పగించాను, దిక్కు తీసుకున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

అచ్చం అసలు విమానంలా పనిచేసే యాడ్-ఆన్‌ను ‘స్టడీ లెవెల్’ అంటారు, ఆ మాటను మాత్రం అలాగే వదిలేశాను. ‘అధ్యయన స్థాయి’ అంటే పరీక్ష ఫీజు కట్టమన్నట్టు ఉంది. అసలు మాన్యువల్ పక్కన పెట్టుకుని ఎగరొచ్చు అని వివరిస్తే చాలు.

మాటు గురించి రాసినవారే మళ్లీ

అప్పగించడం బాగుంది. కాచుకోవడానికీ ఒప్పుకున్నాను, మాటు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆటోపైలట్ పోయినప్పుడు ఏమంటారో చెప్పలేదు. ‘డిస్‌కనెక్ట్’కు నా దగ్గర రెండు మాటలున్నాయి, ‘తీశాను’, ‘ఊడింది’. ఎయిర్‌బస్‌లో మనం ఎర్ర బటన్ నొక్కి తీస్తే హెచ్చరిక కాసేపు మోగి ఆగుతుంది. దానంతటది ఊడితే మనం పట్టించుకుని ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. మీ యాడ్-ఆన్‌లో రెండూ ఒకేలా మోగుతున్నాయా, వేరుగానా? ఇవాళ రాత్రి చూసి చెప్పండి.