చెనక్కాయ కట్టె వామి లోపల వేడెక్కుతోంది, విప్పాలా వద్దా?

ప్రశ్న (పలమనేరు దగ్గరి పల్లె):
అందరికీ నమస్కారం. మాకు ఐదు జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. చెనక్కాయ పీకి కాయలు కోసేలోపే మబ్బు పట్టింది. కట్టె (కాయలు కోసిన వేరుశనగ మొక్కలు) సగం ఎండగానే వామి (కుప్ప) వేసి టార్పాలిన్ కప్పాం. ఇప్పుడు చెయ్యి దూరిస్తే లోపల వేడిగా ఉంది, పులిసిన వాసన వస్తోంది. వాన పూర్తిగా తగ్గలేదు. విప్పితే తడుస్తుంది, విప్పకపోతే కుళ్ళుతుంది. ఎండాకాలం దాకా ఇదే మేత, టెన్షన్‌గా ఉంది.

జవాబు (బంగారుపాళ్యం):
అన్నా, విప్పాల్సిందే. కాస్త తడిసిన కట్టె మళ్ళీ ఎండుతుంది, మగ్గిపోయింది మళ్ళీ మేత కాదు. కానీ విప్పేముందు గడ్డపార ఒకటి వామి నడిమికి పొడిచి కాసేపు ఉంచు. లాగి పట్టుకుంటే వెచ్చగా ఉందంటే భయం లేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉన్నా, కాలిన వాసన వచ్చినా ముట్టుకోవద్దు. గాలి తగలగానే భగ్గుమనొచ్చు. ఆవులను దూరంగా కట్టేసి 101కి ఫోన్ చెయ్యి, మిగతాది ఫైరింజన్ వాళ్ళు వచ్చాకే.
ఆ టార్పాలిన్ అడుగు భాగం ఒకసారి చూడు, నీటి బొట్లు కనబడతాయి. అది వానను ఆపుతుంది, లోపలి ఆవిరినీ ఆపుతుంది. పచ్చి కట్టె మీద షీటు గట్టిగా కప్పడం ఉడకబెట్టడమే.

ప్రశ్న అడిగినవారు:
గడ్డపార వెచ్చగా ఉందన్నా, పట్టుకోగలిగాను. విప్పేశాం. పైది బాగానే ఉంది, నడిమిది నల్లబడి తెల్లగా బూజు పట్టింది. దులిపి ఎండబెడితే పెట్టొచ్చా?

జవాబు (తిరుపతి, వెటర్నరీ చదువుతున్నాను):
వద్దండీ. దులిపితే బూజు రాలుతుంది గానీ విషం పోదు. చెనక్కాయకు పట్టే బూజుల్లో అఫ్లాటాక్సిన్ తయారుచేసేవి ఉంటాయి. అది ఎండకూ పోదు, మామూలుగా ఉడకబెట్టినా పోదు. ఆవు తింటే కాలేయం దెబ్బతింటుంది, పాలలోకీ దిగుతుంది. మన దేశంలో పాలకు పెట్టిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములే. బూజు పట్టిన భాగాన్ని, దాని చుట్టూ ఉన్న కట్టెను కూడా తీసి ఎరువు దిబ్బలో వేయండి. ఆవుల కింద పరిచినా అవి కొరుకుతాయి. తీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము మనకూ మంచిది కాదు.

జవాబు (చిత్తూరు):
నాయనా, మిగిలిన కట్టెను కొట్టంలోనో వసారాలోనో పల్చగా పరిచి తిరగేస్తుండు. ఎండ వస్తే బయట వెయ్యి, కానీ మిట్టమధ్యాహ్నం తిరగెయ్యొద్దు. ఆకంతా పొడిపొడిగా రాలి నేలపాలవుతుంది, కట్టెలో సత్తువంతా ఆ ఆకులోనే. మంచు ఆరీ ఆరగానే, ఆకు ఇంకా మెత్తగా ఉన్నప్పుడు తిప్పు.
ఆకు ఎండింది కదా అని మోసపోవద్దు, కాడ ఆలస్యంగా ఎండుతుంది. కాడ మొదట్లో గోటితో గీరు. పై తొక్క ఊడొస్తే ఇంకా పచ్చిదే. అనుమానముంటే కట్టెను చిన్న ముక్కలు చేసి, పొడి ఉప్పు రెండు చెంచాలతో కలిపి పొడి గాజు సీసాలో వేసి బాగా ఊపు. ఉప్పు ఉండ కడితే తేమ 15 శాతం దాటినట్టే, వామి వేసే సమయం కాలేదు. ఈసారి వేసేటప్పుడు కింద రాళ్ళు పేర్చి, పైన కొమ్మలు పరిచి గాలి ఆడనివ్వు. నెత్తిన వరిగడ్డి వాలుగా కప్పితే వాన జారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
సరే పెద్దాయనా. మేత తగ్గుతుంది కాబట్టి వరిగడ్డి కొంటాను. యూరియా కలిపి మాగబెడతారంటారు, ఈ కట్టెకూ కలపొచ్చా?

జవాబు (తిరుపతి):
కట్టెకు వద్దు, మాంసకృత్తులు తక్కువున్న గడ్డికే యూరియా కలుపుతారు, కట్టెలో అవి ఉన్నవే. వరిగడ్డికి మాత్రం చేయొచ్చు. 100 కిలోల ఎండు గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు మూసి ఉంచాలి. ఇక్కడ షీటు గట్టిగా కప్పాల్సిందే. తెరిచాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. కలపగా మిగిలిన యూరియా నీళ్ళు ఆవులకు అందే చోట అస్సలు ఉంచకండి, తాగితే ప్రాణానికే ముప్పు.

ప్రశ్న అడిగినవారు:
ఆఖరుగా ఒక్కటి. ఆ నల్లబడిన కట్టె, వట్టిపోయిన ఆవు ఒకటుంది, దానికైనా వేయొచ్చా? పాలు ఇవ్వట్లేదు కదా.

జవాబు (తిరుపతి):
వద్దండీ, దాని కాలేయమూ కాలేయమే. చూడితో ఉంటే అసలే వద్దు.