ఇంగ్లీషు ఇక్కడే నేర్చుకోవాలా, అమెరికా వెళ్తే అదే వస్తుందా?

తమ్ముడి అక్క:
మా తమ్ముడికి ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో 9కి 6.5 వచ్చింది, ఆ రోజే పుస్తకాలు అటకెక్కాయి. ఇంకాస్త మాట్లాడటం ప్రాక్టీస్ చెయ్యరా అంటే "అక్కడికెళ్తే అదే వస్తుందిలే అక్కా" అంటాడు. నిజంగా వస్తుందా?

గోదారి గట్టు:
రాదండీ. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో నలుగురు తెలుగువాళ్లు కలిసి ఫ్లాట్ తీసుకుంటారు, సరుకులు మనవాళ్ల కొట్లోనే, వారాంతం తెలుగు సినిమా, క్లాసులో ప్రాజెక్టుకి జట్టు కట్టేదీ మళ్లీ మనవాళ్లే, ఇలా చూస్తుండగానే మాస్టర్స్ అయిపోతుంది. ఊరు మారినంత మాత్రాన నోరు తిరగదు, గరజు ఉండాలి. టీచింగ్ అసిస్టెంట్ పోస్టుకి, అంటే చదువుకుంటూనే ప్రొఫెసరుకి క్లాసు పనుల్లో సాయపడే ఉద్యోగానికి, చాలా యూనివర్సిటీలు స్పీకింగ్‌లో విడిగా మంచి స్కోరు అడుగుతాయి. ఆ పోస్టు దొరికితే చాలాచోట్ల ఫీజు కూడా తగ్గుతుంది. ఈ సంగతి ఇక్కడుండగానే చెప్పి చూడండి, పుస్తకాలు అటక దిగుతాయి.

ఖమ్మం కుర్రోడు:
నేను ఒప్పుకోను. ఇక్కడ గరజు ఎక్కడుంది? ఇంగ్లీషు మీడియం అన్న పేరే గానీ లెక్చరర్ పాఠం చెప్పేది తెలుగులో, మనం బట్టీ కొట్టేది ఇంగ్లీషులో. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ మహా అయితే 14 నిమిషాలు, దానికీ కోచింగ్‌లో రెడీమేడ్ జవాబులు ఇస్తారు. వీసా ఇంటర్వ్యూ అయితే చాలామందికి రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రెండూ గడిచాక ఎవడు చదువుతాడు? అదే అక్కడ ఇంటి ఓనరు డిపాజిట్ పట్టుకుని కూర్చుంటే, వ్యాకరణం ఎలా ఉన్నా మాటలు వాటంతటవే వస్తాయి.

గోదారి గట్టు:
ఆ గొడవకీ నలుగురిలో బాగా మాట్లాడేవాణ్ణే ముందుకు తోస్తారు తమ్ముడూ. మిగతా ముగ్గురూ వెనక నిలబడి తలలూపుతారు :)

హైదరాబాద్ నైట్ షిఫ్ట్:
నేను విమానం ఎక్కింది లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ రాత్రి అమెరికా క్లయింట్‌తో కాల్, తప్పించుకోవడానికి లేదు. మొదట్లో ఆ టైం దగ్గరపడుతుంటే కడుపులో తిప్పేది. ఇప్పుడు కాల్ నడిపేది నేనే. కాబట్టి ఇక్కడ గరజు లేదంటే నేనూ ఒప్పుకోను, కాకపోతే చదువుకునే రోజుల్లో దాన్ని మనమే వెతుక్కోవాలి.

తమ్ముడి అక్క:
టీచింగ్ అసిస్టెంట్ మాట చెప్పగానే కాస్త కదిలాడు. మాస్టర్స్‌కి మొదటి సెమిస్టర్ నుంచే ఇస్తారా?

గోదారి గట్టు:
డిపార్ట్‌మెంట్‌ని బట్టండీ. మామూలుగా పీహెచ్‌డీ వాళ్లకి ఇచ్చాకే మాస్టర్స్ వాళ్ల వంతు. చేరకముందే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టమనండి, ఆ మెయిల్ మాత్రం వాణ్ణే రాయనివ్వండి.