పనిచేస్తున్న పీసీని షూటర్ గేమ్ కోసం మార్చమనడం న్యాయమేనా?

పాత1060:
2017లో సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగి, రేట్లు కాగితం మీద రాసుకుని అసెంబుల్ చేయించిన సిస్టమ్ నాది. ఐ5 7400 ప్రాసెసర్ (సీపీయూ), జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్. మొదటి ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో కొన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) మార్చాను, అంతే. ఆఫీసు పని, సినిమాలు, ఒంటరిగా ఆడే గేమ్స్ అన్నీ ఇప్పటికీ హాయిగా నడుస్తున్నాయి.

ఆన్‌లైన్ షూటర్ దగ్గరే బాధంతా. నేను ఏళ్ల తరబడి ఆడుతున్న గేమ్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చింది. అంతకు ముందు 140 ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద వచ్చే ఫ్రేములు) దగ్గర కదలకుండా ఉండేది. ఇప్పుడు ఎవరైనా స్మోక్ (పొగ బాంబు) వేస్తే చాలు, 50కి పడిపోతుంది. గురి చూసి కాల్చే ఆ అరసెకనులోనే తెర బిగుసుకుపోతుంది, తేరుకునేసరికి నేను చచ్చిపడి ఉంటాను. పోనీలే అని 28 వేలు పెట్టి 8 జీబీ కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చాను. స్మోక్‌లో 50 కాస్తా 58 అయింది. 28 వేలకి 8 ఫ్రేములు!

గోరుచుట్టు మీద రోకటి పోటులా, మొన్న ఆదివారం రాత్రి సెక్యూర్ బూట్ (పీసీ లేచేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రాములనే రానిచ్చే కాపలా) ఆన్ చేస్తేనే ఆడనిస్తామని మెసేజ్ వచ్చింది. మాట్లాడుకునే యాప్ డిస్కార్డ్‌లో నలుగురు ఎదురుచూస్తున్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వారానికి ఒక్కసారి మాతో కూర్చునేది ఆ పూటే. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి ఆన్ చేశాను. రీస్టార్ట్ అయ్యాక నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు, బూట్ అయ్యే డిస్క్ లేదని. ఫోన్ టార్చ్ నోట్లో పట్టుకుని, క్యాబినెట్ పక్క డోర్ ఊడదీసి, ఆ సెట్టింగులు మొదటికి రావాలని మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీని స్క్రూడ్రైవర్ మొనతో లేపి, కాసేపాగి మళ్లీ పెట్టాను. విండోస్ వచ్చింది కానీ అప్పటికి పన్నెండయింది, అందరూ వెళ్లిపోయారు.

నేను అడిగేది ఒక్కటే. నేను కొన్నప్పుడు నడిచిన గేమ్, నా వస్తువులో ఏ లోపమూ లేకుండానే నడవకపోతే ఆ ఖర్చు నేనెందుకు భరించాలి? ఉదాహరణకి, 2023 సెప్టెంబర్‌లో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చినప్పుడు దాని ముందు గేమ్ సీఎస్‌గో స్థానాన్ని అదే తీసుకుంది. బాగా పాతవైన డైరెక్ట్‌ఎక్స్ 9 గ్రాఫిక్స్ కార్డులకూ, 32 బిట్ విండోస్‌కూ, మ్యాక్‌కూ సపోర్ట్ పోయింది. పాత సిస్టమ్ ఉన్నవాడు పాత గేమే ఆడుకుంటానంటే అందులో తప్పేముంది?

ఫ్రేమ్‌టైమ్:
అన్నా, న్యాయం సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు మీ 28 వేల సంగతి చూద్దాం. తప్పు పార్ట్ మార్చారు. మీ 7400 సీపీయూలో నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు, అంటే ఒకేసారి నాలుగు పనులే. పదిమంది ఆటగాళ్ల కదలికలు, బుల్లెట్లు, సౌండ్, వెనక డిస్కార్డ్, బ్రౌజర్, యాంటీ చీట్ (మోసాలు పట్టే ప్రోగ్రామ్) అన్నీ వాటి మీదే పడతాయి. సీపీయూ ఫ్రేము సిద్ధం చేసి ఇస్తేనే కదా కార్డు గీసేది!

ఈ పరీక్ష చేయండి. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించి అదే మ్యాప్‌లో ఆడండి. ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగకపోతే అడ్డం పడుతున్నది కార్డు కాదు. ఇంకో మాట, మీ ర్యామ్ 8 జీబీ అంటే ఒకే స్టిక్ అనుకుంటాను. సింగిల్ ఛానెల్‌లో సీపీయూకి డేటా సగం వేగంతోనే అందుతుంది. యావరేజ్ 90 చూపిస్తున్నా మధ్యలో తెర బిగుసుకుపోవడానికి ఇదొక పెద్ద కారణం. యావరేజ్ కాదు, "1 పర్సెంట్ లో" (1% low) అనే అంకె చూడండి, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం. 144 హెర్ట్జ్ మానిటర్‌కి ప్రతి 7 మిల్లీసెకన్లకి ఒక ఫ్రేము కావాలి. వంద ఫ్రేములు సరిగ్గా వచ్చి ఒక్కటి 60 మిల్లీసెకన్లు తీసుకున్నా ఆ ఒక్కటే మిమ్మల్ని చంపుతుంది.

మీ బోర్డులో సెకండ్ హ్యాండ్ ఐ7 7700 కూర్చుంటుంది, ఎనిమిది థ్రెడ్లు వస్తాయి. అంతకు మించి దారి లేదు. మీది 7వ తరం సీపీయూ; 8వ తరం సాకెట్ (సీపీయూ కూర్చునే గూడు) పేరు కూడా 1151యే, కానీ మీ బోర్డులో నడవదు. అదే 2017లో ఏఎండీ కంపెనీ సీపీయూలు పట్టే ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయోస్ అప్‌డేట్ చేసుకుని రైజెన్ 5000 దాకా వెళ్లారు. గేమ్ కంపెనీ కంటే ముందు ఆ ప్రశ్న చిప్ కంపెనీని అడగాలి.

బూట్ అవ్వకపోవడానికి కారణం మీ డిస్క్‌ని భాగాలుగా విడదీసింది పాత ఎంబీఆర్ పద్ధతిలో కావడం. సెక్యూర్ బూట్‌కి యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన పద్ధతి) కావాలి, దానికి డిస్క్ కొత్త పద్ధతి జీపీటీలో ఉండాలి. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ టూల్ ఉంది, ఫార్మాట్ చేయక్కర్లేదు. బ్యాకప్ మాత్రం తీసుకోండి.

హనుమకొండ_కేఫ్:
నాకు 18 సిస్టమ్‌ల గేమింగ్ కేఫ్ ఉంది. పాత1060 తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు, నాది దానికి పద్దెనిమిది రెట్లు. అయినా సెక్యూర్ బూట్ అడగడం కరెక్టే అంటాను.

ఎందుకో చెప్తాను. ఇంటర్ పిల్లలు గంటకి డబ్బులిచ్చి కూర్చుంటారు. గోడ అవతల నుంచి తలకి గురిపెట్టే హ్యాకర్ ఒక్కడు ఆటలోకి వస్తే ఆ గంట వృథా. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఆ పిల్లాడు రాడు. విండోస్ కంటే ముందే లేచే చీట్లు ఉన్నాయి. విండోస్ లేచాక మొదలయ్యే యాంటీ చీట్‌కి అవి దొరకవు. అందుకే బూట్ దగ్గర్నుంచే కాపలా పెట్టారు. వాలరెంట్ అనే షూటర్ విండోస్ 11లో టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ అడుగుతుంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6కీ సెక్యూర్ బూట్ తప్పనిసరి.

నా అసలు దెబ్బ వేరే ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 7వ తరం సీపీయూలు విండోస్ 11 జాబితాలో దాదాపు లేవు. నా దగ్గర ఆరు అవే. సిస్టమ్ మారుద్దామంటే ర్యామ్ రేటు ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని కొండెక్కి కూర్చుంది.

పెంగ్విన్_విశాఖ:
కేఫ్ అన్నా, మీది వ్యాపారం కాబట్టి అలా అంటున్నారు, అర్థమైంది. నా ఇంటి పీసీలో బ్యాంకు లాగిన్లు, మా అమ్మ మెడికల్ రిపోర్టులు ఉన్నాయి. ఒక గేమ్ యాంటీ చీట్ కోసం కెర్నల్ దాకా, అంటే విండోస్ గుండెకాయ దాకా బయటివాళ్లకి తాళం చెవి ఇవ్వను. ఇచ్చినా హ్యాకర్లు పోయారా? మదర్‌బోర్డు పీసీఐఈ స్లాట్‌లో డీఎంఏ కార్డు (మెమరీని నేరుగా చదివే కార్డు) పెట్టి, రెండో కంప్యూటర్‌తో మెమరీ చదువుకునేవాళ్లు ఉన్నారు. డబ్బున్న మోసగాడికి ఇంకా దారి ఉంది, విండోస్‌కి బదులు లైనక్స్ వాడే నాలాంటివాడికే తలుపు మూశారు. 2024 చివర్లో అపెక్స్ లెజెండ్స్ అనే షూటర్ లైనక్స్ మొత్తాన్నీ ఆపేసింది. నేనేం తప్పు చేశానని?

హనుమకొండ_కేఫ్:
డీఎంఏ కార్డు వేలల్లో ఉంటుంది తమ్ముడూ. ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే చీటు వేల మంది వాడతారు, కార్డు కొనేది కొద్దిమందే. దొంగ ఎలాగూ వస్తాడని తాళం వేయడం మానేస్తామా?

ఫైబర్_పింగ్:
డల్లాస్ తమ్ముడి మాట ఎవరూ ఎత్తలేదు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఉదాహరణకి హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు. తిన్నగా తీగ లాగినా వెళ్లి రావడానికి 33 మిల్లీసెకన్లు, నిజానికి దానికి రెట్టింపు వరకూ పడుతుంది. ఈ వెళ్లి వచ్చే సమయమే పింగ్. డల్లాస్ అంటే అది 200 దాటుతుంది. ముంబై సర్వర్‌లో మీరు బాగుంటే ఆయన బాధపడతాడు, అమెరికా సర్వర్ అయితే మీరంతా బాధపడతారు. దీన్ని ఏ కార్డూ తీర్చలేదు. మీరు మాత్రం వైఫై మానేసి కేబుల్ వేసుకోండి, ఖర్చు రెండు మూడు వందలు.

పాత1060:
అందరికీ థాంక్స్. ఫ్రేమ్‌టైమ్ చెప్పినట్టే 720లో ఆడి చూశాను, స్మోక్‌లో 58 కాస్తా 60 అయింది. సీపీయూయే. సెకండ్ హ్యాండ్‌లో అదే స్పీడ్ 8 జీబీ స్టిక్ ఇంకొకటి దొరికితే వేశాను. యావరేజ్ పెద్దగా మారలేదు కానీ ఆ బిగుసుకుపోవడం సగానికి సగం తగ్గింది. డిస్క్ కూడా జీపీటీకి మారింది, సెక్యూర్ బూట్ ఆన్ అయింది.

కేఫ్ అన్నా, తాళం వేయాలన్న మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఇన్ని పనులు చేయాలని గేమ్‌లో ఒక్క ముక్క ముందుగా తెలుగులో కాకపోయినా ఇంగ్లీషులో అయినా చెప్పలేదు. ఆడటానికి కూర్చున్నాకే చెప్పారు. నెల ముందు చెప్పి, ఎలా చేయాలో మెట్టు మెట్టుగా చూపిస్తే నా ఆదివారం పోయేది కాదు. పాత వెర్షన్ విషయంలో మాత్రం నేను మారను. కొత్తది తెండి, బాగా చేయండి. పాతదాన్ని ఆడించే సర్వర్ ప్రోగ్రామ్ మా చేతికిచ్చి వెళ్లండి, మేమే నడుపుకుంటాం.

ఐ7 7700 ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. ఈ ఆదివారం పదింటికి ముంబై సర్వర్. తమ్ముడు 200 పింగ్‌తోనే వస్తానన్నాడు, వాడిని సైట్ (మ్యాప్‌లో కాపాడుకోవాల్సిన చోటు) కాపలాకి పెట్టుకుంటాం, ఎదురెళ్లే పని మేం చూసుకుంటాం.